అత్తకు తెచ్చిన సముద్రం

డాక్టరు నాకు ఉప్పు మానిపించి మూడు వారాలైంది. ఆయన మాట జవదాటని మా కోడలు వండే పప్పుచారు తిన్నప్పుడల్లా, మనిషి ఇంతకాలం బతకడం అంత అవసరమా అన్న చిన్న సందేహం కలుగుతుంది. నిన్న ఆ చప్పిడి చారు మింగుతుండగానే మా మేనత్త గుర్తుకొచ్చింది.

పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. రంగూను కాలేజీలో బి.ఏ. చదివిన నాకు ఆ ఊళ్లోనే పజుండౌంగ్ పేటలోని ఒక బియ్యపు మిల్లులో గుమాస్తా పని దొరికింది. బడి ముఖం చూడని మా బావకు, అంటే ఆ అత్త కొడుక్కి, అదే మిల్లులో లారీ నడిపే పనీ, నాకన్నా కాస్త ఎక్కువ గౌరవమూ దొరికాయి. నన్ను కూడా పెంచి, రంగూనులో మాతోనే ఉంటున్న అత్త అప్పటికే కాళ్లు వాచి మంచం దిగడం లేదు. మామ ఎప్పుడో భీమిలి దగ్గర చేపల వేటకు వెళ్లి సముద్రంలోనే కలిసిపోయాడు. పోయేలోగా ఒక్క మాఘ పౌర్ణమికైనా ఆ ఉప్పునీళ్లు నెత్తిన పోసుకోవాలన్నది ఆవిడకు మిగిలిన ఏకైక కోరిక. ఇంటి ఎదురుగా అంత నది ఉంది కదా అంటే ముఖం తిప్పుకునేది.

ఆ మాఘంలోనే యజమాని మమ్మల్నిద్దర్నీ స్టీమరులో ఒక మారుమూల రేవు పట్నానికి పంపాడు. అక్కడి పాత పంపు ఒకటి రంగూను తెచ్చి, లారీలో ఎగువ బర్మా ఎండునేలకు చేర్చాలి. ఆ పట్నంలో చూడదగ్గవి ఎండుచేపలూ, పోస్టాఫీసూ; రెండోది తరచు మూసి ఉండేది. తిరుగు స్టీమరు కోసం నాలుగు రోజులు పడిగాపులు పడి, ఎక్కబోయే ముందు బావ మోకాటిలోతు దిగి ఒక కిరసనాయిలు డబ్బా నిండా సముద్రం పట్టాడు.

రంగూనులో దిగిన పూటే లారీ కదలాలి. నిద్రలేని కళ్లతో ఇంటి అరుగు మీద ఒకేలాంటి రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టాం: సముద్రం అత్తకు, కుళాయి నీళ్లు దారికి. మూడో రోజున, ముళ్లచెట్లు తప్ప మరేమీ మొలవని ఇసుకదారిలో ఇంజను సెగలు కక్కి ఆగిపోతే, డబ్బా మూత తీసి మొదటి గుక్క నేనే తాగాను. చదువుకున్నవాణ్ణి గనుక సంగతి వెంటనే గ్రహించాను.

ఆ ఎండలో రెండు కోసులు కాళ్లీడ్చుకుంటూ నడిచాక, బర్మావాళ్లు పుణ్యానికని బాటసారులకు పెట్టే నీళ్లకుండలు కనిపించాయి. కడుపు నిండా తాగి, అప్పుడు ఏడ్చాడు బావ. పౌర్ణమి అంతకుముందు రోజే అయిపోయింది; ఈపాటికి అత్త ఆ కుళాయి నీళ్లే నెత్తిన పోసుకుని ఉంటుంది. "అమ్మకి సెప్పకు బామ్మర్దీ. సముద్రమే అనుకోనీ," అన్నాడు.

మేం తిరిగొచ్చేసరికి అత్త మంచం దిగి గుమ్మంలో కూర్చుని, సముద్రమే తన ఇంటికి నడిచొచ్చిందని దారినపోయే వాళ్లందరికీ చెబుతోంది. మేం తలూపాం. ఆ తర్వాత రెండేళ్లపాటు తలూపుతూనే ఉన్నాం.

ఇప్పుడు ఆ దారికి తారు పడింది. బస్సు ఆగినచోటల్లా సీసాల్లో రంగునీళ్లు అమ్ముతున్నారట. కుండలు ఇంకా ఉన్నాయంటారు గానీ దిగి తాగే తీరిక ఎవరికీ లేదట. బావ కూడా పోయాడు. అమ్మ దగ్గర గుట్టు దాచగలిగామన్న తృప్తితోనే పోయాడు, నేనూ అడ్డు చెప్పలేదు. నిజానికి అత్త పోయే ముందు వారం, బావ మందు కోసం బయటికెళ్లిన ఒక మధ్యాహ్నం, నా చెయ్యి పట్టుకుని తాపీగా అడిగింది:

"ఆ నీళ్లు సప్పగున్నాయిరా. మరి ఆ ఎండలో మీరేటి తాగినార్రా?"