పేరు పెట్టని పిల్ల

పక్కింటి పిన్నిగారు పోయారు. వైద్యానికని గుడివాడలో వాళ్లన్నయ్యగారింటికి వెళ్లిన మనిషి, అక్కడే పోయారు. కబురు తెచ్చిన మా బావ చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. అమ్మ కత్తిపీట మీంచి లేవబోయి మళ్లీ కూర్చుండిపోయింది. నాకు మాత్రం ముందు గుర్తొచ్చింది మా కథలో పేరు లేకుండా మిగిలిపోయిన పిల్ల.

ఆ కథ సంగతి మీకు చెప్పాలి. ఓ వారపత్రికలో సీరియల్ వచ్చేది. కథానాయిక రైలు దిగి పుట్టింటికి వస్తుంది, తలుపుకి తాళం, అంతే, సమాప్తం. బందరులో మా వీధి ఆడవాళ్లంతా తిట్టుకుని ఊరుకున్నారు. పిన్నిగారు ఊరుకోలేదు. "ఆడపిల్లని అలా వీధిలో నిలబెట్టి, ఆ రాసినావిడకి నిద్రెలా పడుతుందే? బీఏ చదివావుగా, కాగితాలు తే" అన్నారు. ఆ తర్వాతి కథ మేమే మొదలెట్టాం. ఆవిడ చెప్పడం, నేను రాయడం. సాయంత్రాలు వాళ్ల అరుగు మీద చదివితే వీధంతా వినేది.

కథానాయిక మాది కాదు కనుక ఆవిడ పేరు ముట్టుకోలేదు. కొత్తగా తెచ్చినవాళ్లకి పేర్లు కావాలి. ఎదురింటి ముసలాయనకి సురేష్ అని పెట్టాను.

"డెబ్బై ఏళ్లవాడు సురేషా? వాళ్లమ్మ సినిమా హాల్లో గానీ కందా?"

"పేరుదేముందండీ పిన్నిగారూ."

"పేరెవరు పెట్టారో తెలిస్తే ఆ ఇల్లంతా తెలుస్తుందే. తాత పేరా, మొక్కుకున్న దేవుడి పేరా, ముందువాళ్లు దక్కక పెట్టిన పేరా? అది తేల్చుకుని రాయి."

గిలకలదిండి నుంచి చేపలు తెచ్చే ఆవిణ్ణి ఆపి, బేరం కంటే ముందు "నీకీ పేరు ఎవరు పెట్టారమ్మా" అని అడిగేవారు. ముసలాయన చివరికి పుల్లయ్య అయ్యాడు. ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే, ఈ పిల్లాడైనా మిగలాలని వాళ్లమ్మ పుల్లాకుల్లో, ఎంగిలి విస్తళ్ల మీద దొర్లించి పెట్టుకున్న పేరు. ఆ పేరు పడ్డాక ఆయన దగ్గు కూడా నాకు వినపడింది. ఇవాళ్టికీ బస్సులో పక్కన ఎవరు కూర్చున్నా, ఈ మనిషికి పేరు పెట్టిందెవరా అనుకుంటాను. అది ఆవిడ ఇచ్చి వెళ్లిన అలవాటు.

ఒక్క పిల్లకి మాత్రం పేరు పెట్టనివ్వలేదు. కథానాయికకి తోడుగా తెచ్చిన చిన్నపిల్ల. కాలవ గట్టున కూర్చుని పలక కడుక్కుంటూ ఉంటుంది, ఎప్పుడూ మనవైపు వీపే. రెండు జడలు, ఒకదానికి రిబ్బను వదులు. "ఉండనీ, తర్వాత చూద్దాం" అనేవారు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ వదులు రిబ్బను ఎవరిదో వీధికంతా తెలుసు.

పిన్నిగారి కూతురికి నాయనమ్మ పేరు పెట్టారు. అత్తగారి పేరు కోడలు పైకి అనకూడదు. మేమంతా ఆ పిల్లని పేరు పెట్టే పిలిచినా, కన్నతల్లి మాత్రం బుజ్జి అనేది. ఉప్పెన వచ్చిన రోజు బుజ్జి అవనిగడ్డ అవతల ఆ నాయనమ్మ దగ్గరే ఉంది. ఇద్దరూ దొరకలేదు.

ఆ సంగతి పిన్నిగారు ఒక్కసారే మాట్లాడారు, చేటలో బియ్యం ఏరుతూ, తలెత్తకుండా.

"నీళ్లు తీశాక గట్టు మీద నించుని బుజ్జీ, బుజ్జీ అని పిలిచానే. అవతలి గట్టున ఇంకో తల్లీ బుజ్జీ అనే పిలుస్తోంది. దివిసీమలో ఎంతమంది బుజ్జిలుంటారు? పేరు పెట్టి పిలిస్తే పలికేదేమో. అప్పుడు కూడా నోరు రాలేదు." చేట పక్కన పెట్టారు. "అత్తగారూ లేరు. ఇంకా ఎవరికి భయపడుతున్నానో."

గుడివాడ బస్సెక్కాక కిటికీలోంచి నా చెయ్యి పట్టుకున్నారు. "ఆ పిల్లకి పేరు పెట్టెయ్యి. నువ్వే రాసి, నువ్వే పైకి చదువు. నీకు అడ్డం లేదుగా."

"మీరొచ్చాక చదువుతానండీ."

"నేను వింటాలే" అన్నారు. బస్సు కదిలింది.

నిన్న సాయంత్రం వాళ్ల అరుగు మీద కూర్చున్నాను. తలుపుకి తాళం. ఆడవాళ్లు వచ్చారు. ఆవిడ ఆనుకునే స్తంభం దగ్గర చోటు వదిలి సర్దుకున్నారు. కథానాయిక గట్టు మీదికి వచ్చి పిల్లని పిలిచే చోట పేరు రాశాను. గొంతు తగ్గించకుండా చదివాను.

"నాంచారమ్మా."

అందరూ స్తంభం వైపు చూశారు. తర్వాత నేను రాసింది కొంచెమే. గట్టున పలక కడిగే చెయ్యి ఆగింది. పలక మీంచి నీళ్లు బొట్లుబొట్లుగా కాలవలో పడుతున్నాయి. వదులు రిబ్బను కదిలింది. ఆ పిల్ల ఇటు తిరగబోతోంది.