దోనెతో చెప్పిన మాట

మా తాడేపల్లిగూడెం ఇంట్లో బంగారు సరాలకు కరువేమోగానీ పెడసరానికి కరువుండేది కాదు. పలకరిస్తే పలకనివాళ్ళకూ, మొహం తిప్పుకునేవాళ్ళకూ, పుల్లవిరుపుగా జవాబిచ్చేవాళ్ళకూ మా నాయనమ్మ ఆ ఒక్క మాటే మెడలో వేసేసేది. "మనిషి మంచిదేరా, కాస్త పెడసరం" అందంటే ఇక ఆ మంచితనం చెల్లనట్టే. ఆ అలవాటు నాకూ పట్టుబడింది. మాకు మాటే పెట్టుబడి. మాటకు మాట రాకపోతే సరుకు పోనంత బాధ.

1930లలో ఏలూరులో మేనమామగారి నూలు కొట్లో ఉండేవాణ్ణి. వలలు అల్లే నూలు తీసుకుని తొలిసారి ఒంటరిగా కొల్లేటి లంకకు బయల్దేరాను. మూట తడిస్తే ఇక గూడెం రైలెక్కెయ్యమని మామయ్య ముందే చెప్పాడు. దోనె ముందుకొసన గెడ వేసేది ఒక లంకమనిషి. నడుమ బల్ల మీద నేను. వెనకకొసన అడుగున చతికిలబడింది అతని తమ్ముడి భార్య. మూట ఆవిడ పక్కన పెట్టాను.

"మీ పుట్టిల్లు ఎక్కడమ్మా?" అన్నాను మర్యాదకి.

ఆవిడ ముసుగు లాక్కుని నాకు వీపు పెట్టింది. పెడసరం, అనుకున్నాను.

నడిమధ్యకు వచ్చాక ఆవిడ గొంతు వినిపించింది. నాతో కాదు, అతనితోనూ కాదు.

"ఏమే దోనే, నీళ్ళొచ్చేత్తన్నాయని చెప్పవేమే? నోరు లేదా నీకు?"

కిందికి చూస్తే నా పాదాలు నీళ్ళలో ఉన్నాయి. నాకు ఈత రాదు, మాటలే వచ్చు.

అతను వెనక్కి తిరగలేదు. "షావుకారుగారండీ, బల్లకింద కొబ్బరిచిప్ప ఉంటదండి. తోడెయ్యండి" అన్నాడు.

తోడుతూ, "ఆవిడ నీతోనే చెప్పొచ్చు కదయ్యా" అన్నాను.

"బావగారితో ఎలా మాటాడుద్దండీ? ఇంటికాడైతే గోడతో చెప్పుద్దండి. ఇక్కడ గోడేదండీ?"

మునిగేవేళ కూడా ఈ మర్యాదేమిటని నోరు తెరిచినవాణ్ణి మూయడం మరిచాను. అంతలో నూలు గుర్తొచ్చింది. ఆవిడ పక్కన మూట లేదు.

"నా మూట" అన్నాను.

వీపు తిప్పకుండానే అంది: "దోనే, మూట నా నెత్తిమీదుందని చెప్పు. ఆరిని కంగారుపడకుండా తోడమను."

తలెత్తి చూస్తే నిజంగానే ఉంది, నా కళ్ళముందే.

గట్టు చేరాక విప్పి చూశాను. ఒక్క పోగు తడవలేదు. ఆవిడ చీర నడుము దాకా తడిసి ముద్దయింది.