పంటు మీద డీ గేరు

మొన్న రాజమండ్రిలో కొత్త కారు తీసుకుంటుంటే, షోరూమాయన గేరు లివరు పక్కనున్న పీ, ఆర్, ఎన్, డీ అక్షరాలను ఎంతో ఓపిగ్గా వివరించాడు. ఎకో బటను నొక్కితే పెట్రోలు ఆదా, స్పోర్ట్ నొక్కితే బండి ఉరుకుతుంది అన్నాడు. "అర్థమైందాండీ?" అంటే తలూపాను గానీ నా మనసు అక్కడ లేదు. ఆ పీ అక్షరం కనబడితే ఇప్పటికీ నా చెయ్యి హ్యాండ్ బ్రేకు మీదికి పోతుంది. మా మావయ్య గుర్తొస్తాడు.

అమ్మకు తమ్ముడాయన. కోనసీమలో కొబ్బరితోటలు. కాలు ఒకచోట నిలవని మనిషి. భోజనం మధ్యలో ఏదో గుర్తొచ్చి, చెయ్యి కడుక్కుని తోటకు బయల్దేరే రకం. పడుచువయసులో జీపుతో మొదలుపెట్టి, స్టీరింగు మరొకరి చేతిలో పెట్టి ఎరగడు. అలాంటివాడికి ఎడమ మోకాలికి ఆపరేషనయింది, క్లచ్చు తొక్కవద్దన్నాడు డాక్టరు. ఇక ఇంటిపట్టున ఉంటాడని అందరం సంబరపడ్డాం. ఆయన వెళ్ళి క్లచ్చు లేని కారు కొనుక్కొచ్చాడు. అత్తయ్య ఒకే ఒక్క షరతు పెట్టింది. "ఎక్కడైనా చిన్న గీత పడిందా, తాళం నా చేతికిచ్చెయ్యాలండి. ఆ తరవాత నేనేం వినను." మోకాలి నొప్పి కన్నా ఆ మాటే ఆయన్ను ఎక్కువ సలిపింది.

నేర్పే పని మేనల్లుణ్ణి కనుక నా నెత్తిన పడింది. మొదటి వారమంతా ఆయన ఎడంకాలు లేని క్లచ్చును వెతుక్కుంటూ వెళ్ళి బ్రేకు మీద పడేది, మేమిద్దరం ముందుకు తూలేవాళ్ళం. చివరికి ఆ కాలిని సీటు కిందికి మడిచి తోలడం అలవాటు చేసుకున్నాడు. ఏటిగట్టు ఎక్కేటప్పుడు ఎత్తుకు లాగే ఎల్ గేరు వెయ్యాలంటే ఒప్పుకున్నాడు. స్పోర్ట్ బటనైతే నేను చెప్పకుండానే నొక్కేవాడు. పీ దగ్గర మాత్రం మొండికేశాడు. "ఆగిన బండికి కూడా ఒక గేరేంట్రా అల్లుడూ?" అనేవాడు. అది చక్రాలు కదలకుండా పట్టి ఉంచుతుందని నేను చెబుతుండగానే కారు దిగిపోయేవాడు.

ఆ ఎండాకాలం మొగల్తూరులో చుట్టాల గృహప్రవేశానికి ముగ్గురం బయల్దేరాం. గోదావరి దాటడానికి కార్లనూ బైకులనూ ఎక్కించుకునే పంటు మీదికి మావయ్య దర్జాగా కారెక్కించాడు. అత్తయ్య ఉక్క పోస్తోందని ఏసీ ఆపనివ్వలేదు, కాబట్టి ఇంజను నడుస్తూనే ఉంది. ఈ రేవుల్లో పెరిగినవాళ్ళందరికీ ఒక అలవాటు. పంటు ఊగినా బండి జారకుండా ఇంజను ఆపి గేర్లో వేసి దిగుతారు. హ్యాండ్ బ్రేకును నమ్మరు, ఉప్పుగాలికి దాని తీగ తుప్పు పడుతుందంటారు. మావయ్య కూడా డీలోనే ఉంచి, "గేర్లో ఉంది, ఎక్కడికీ పోదు" అంటూ బ్రేకు మీంచి కాలు తీసి తలుపు తెరిచాడు.

క్లచ్చు లేని బండి డీలో ఉంటే బ్రేకు వదలగానే తనంతట తనే నడుస్తుంది. కారు మెల్లగా ముందుకు కదిలింది. ఎదురుగా బైకు మీద ఒకాయన, ఆయన ముందు ఇనపగొలుసు, ఆ తరువాత గోదావరి. మావయ్య ఒక కాలు బయట పెట్టి బిగుసుకుపోయాడు. నేను పక్క సీట్లోంచి వంగి హ్యాండ్ బ్రేకు లాగాను. బైకుకు జానెడు దూరంలో కారు ఆగింది. "ఏంటండీ బాబూ, గోదాట్లోకి తోసేద్దామనా?" అని అరిచాడు బైకాయన. లివరును పీలోకి జరిపింది నేనే. అవతలి రేవులో కారు దించిందీ నేనే.

గట్టెక్కాక మావయ్య ఆపమన్నాడు. తాళం తనే తీసి, వెనక సీటు వైపు చెయ్యి చాపాడు. నెలల తరబడి ఆ తాళం కోసం కాచుకున్న అత్తయ్య చేతులు వెనక్కి లాక్కుంది.

"గీత పడలేదుగా అండీ. మీ దగ్గరే ఉండనివ్వండి."

"పడుంటే నువ్వు లాక్కునేదానివి, నేను పోట్లాడేవాణ్ణి" అని, తాళాన్ని ఆవిడ ఒళ్ళో పెట్టి అటు తిరిగి కూర్చున్నాడు. అత్తయ్య ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది గానీ ఆవిడ దగ్గర తాళం తీసుకుని తోలాలి కదా. ఆ తరువాత ఆయన డ్రైవరు సీట్లో కూర్చోలేదు.

అప్పుడు అది అర్థం చేసుకునే వయసు నాకు లేదు, ఇప్పుడు వచ్చింది. కాలం మన చేతిలోంచి ఏదీ లాక్కోదు, మనంతట మనం ఇచ్చేదాకా పక్కనే ఓపిగ్గా కూర్చుంటుంది.