వానాకాలపు గంజి

మొన్న సోలాపూర్ నీలం నగర్‌లో మా వీధి చివర ఒక పెళ్ళి ఊరేగింపు ఆగిపోయింది. సన్నగా జల్లు మొదలైంది. బ్యాండువాళ్ళు దుకాణం చూరు కిందికి చేరారు, పెళ్ళికొడుకును దించి కారులో కూర్చోబెట్టారు, గుర్రం మాత్రం మా గేటు పక్కన తడుస్తూ నిలబడింది. తడిసిన గుర్రం ఒంటి వాసన ఒక్కసారిగా ముక్కుకు తగిలింది. నా చేతిలో జొన్నరొట్టె ముక్క ఉంది. పెట్టనా వద్దా అని అక్కడే నిలబడిపోయాను. ఆ సంగతి జరిగి ముప్పై ఏళ్ళు దాటినా గుర్రం ముందు నా చెయ్యి ముందుకూ పోదు, వెనక్కీ రాదు. చివరికి రొట్టె గుర్రం మనిషి చేతికే ఇచ్చి లోపలికి వచ్చేశాను. నర్సవ్వత్త చూసి ఉంటే తిట్టేది. లేదా నవ్వేదేమో. ఆమె ఏం చేస్తుందో నేను ఏనాడూ సరిగ్గా చెప్పలేకపోయాను.

నర్సవ్వత్త మాకు చుట్టం కాదు. దాజీ పేట్‌లో మా అత్తవారింటికి గోడ పక్క ఇల్లు ఆమెది. కరీంనగర్ వైపు పల్లె నుంచి పంతొమ్మిదేళ్ళ కోడలిగా ఆ వాడకు వచ్చినప్పుడు నాకు మరాఠీ ముక్క రాదు. ఆమె భర్త టాంగా తోలేవాడట. ఆయన పోయాక గుర్రాన్నీ బండినీ అమ్మెయ్యమని అందరూ చెబితే, ఈమె బండి అమ్మి గుర్రాన్ని ఉంచుకుంది. ఆడ గుర్రం, పేరు తుల్జి. ఈమె బీడీలు చుట్టి తాను తినేది, దానికింత పెట్టేది. ఎందుకు ఉంచుకున్నావత్తా అని ఎన్నిసార్లు అడిగానో, అన్ని జవాబులు చెప్పింది. ఆయన గుర్తు అని ఒకసారి, కొంటానన్నవాడి కళ్ళు నచ్చలేదని ఇంకోసారి, అది పోతే ఇంట్లో తిట్టడానికి ఎవరున్నారని మరోసారి. ఏది నిజమో నాకు తెలియదు. మూడూ నిజమే కావచ్చు.

తుల్జి ఉండేది వాకిట్లో రేకుల పందిరి కింద. కానీ దాని తల సగం రోజు కిటికీలోంచి ఇంట్లోనే ఉండేది. నర్సవ్వత్త బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని ఆ కిటికీ కిందే కూర్చునేది. మనుషులతో తెలుగు, గుర్రంతో మరాఠీ. కోపం వస్తే మాత్రం తిరగబడేది, మమ్మల్ని మరాఠీలో తిట్టి గుర్రంతో తెలుగులో మొరపెట్టుకునేది. తునికాకు కత్తిరించడం, బీడీ మూతి మడవడం, కూరగాయలామెతో బేరం, కార్ఖానా గుమాస్తా బీడీలు బాగాలేవని పక్కకు పారేస్తే నోరు మూసుకోకుండా నిలబడటం, అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అమ్మ గుర్తొచ్చినప్పుడల్లా నేను పోయి తుల్జి మెడ మీద తల ఆనించి ఏడ్చేదాన్ని. ఒకరోజు నర్సవ్వత్త చూసింది.

"గుర్రం ముంగట ఏడ్వకు పిల్లా. దానికి గాబరైతది. ఏడ్చేదుంటే నా దగ్గరికొచ్చి ఏడ్వు, నాకేం గాదు."

ఇక గంజి సంగతి. మా పుట్టింట్లోనూ మగ్గమే. పడుగు దారాలకు గంజి పెట్టాక మిగిలింది బర్రెకు పోసేవాళ్ళం. అత్తవారింట్లోనూ జొన్నపిండి గంజే. బర్రె లేదు కాబట్టి మిగిలిన గంజి బకెట్‌లో పోసుకుని తుల్జికి ఇచ్చి వచ్చేదాన్ని. ఎండాకాలమంతా అదే వాడుక, ఎవరూ కాదనలేదు. వానలు పట్టాక పడుగు ఆరదు, బూజు పడుతుంది. అందుకని మా అత్తగారు తెల్లవారే లేచి గంజిలో ఇంత మైలుతుత్తం కలిపేది. అది విషమని, ఆ గంజి నోరున్న దేనికీ పెట్టకూడదని సోలాపూర్‌లో అందరికీ తెలుసు. అందరికీ తెలుసు కాబట్టి నాకు ఎవరూ చెప్పలేదు. గంజిలో కొంచెం నీలి ఛాయ కనిపించింది. రంగు నూలుది అంటిందేమో అనుకున్నాను. పైగా ఆ రోజే పుట్టింటి నుంచి ఉత్తరం వచ్చింది, తమ్ముడు నన్ను తీసుకుపోవడానికి వస్తున్నాడని. నా కాళ్ళు నేల మీద లేవు. బకెట్ ఊపుకుంటూ పోయి తుల్జి ముందు పెట్టాను. మూతి తిప్పుకోకుండా సగం తాగింది.

మర్నాడు పొద్దున అది పడుకుని ఉంది. పొట్ట ఎగిరెగిరి పడుతోంది, మెడ తిప్పి పక్కకు చూసుకుంటోంది. పశువుల డాక్టరు వచ్చి నిన్న ఏం పెట్టారని అడిగాడు. నర్సవ్వత్త తడుముకోకుండా, తడిసిన జొన్నచొప్ప పెట్టాను, అంతే అంది. మా అత్తగారు నా వెనక నిలబడి, నయం, తుత్తం గంజి ఎవరూ పోయలేదు, పోసి ఉంటే ఈపాటికి పోయేదే అని నెమ్మదిగా అంది. నిన్నటి గంజిలో నీలి ఛాయ ఏమిటో అప్పుడు తెలిసింది. చెప్పాలి. చెబితే డాక్టరు వేరే మందు ఇస్తాడు. నాలుక కదల్లేదు. ఆయన పొట్టనొప్పి మందేదో పోయించి వెళ్ళిపోయాడు. నేను నర్సవ్వత్త పక్కన కూర్చుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టాను. ఒక్క ఆకూ సరిగ్గా తెగలేదు. అలా మూడు గంటలు. ఆ మూడు గంటలు నేనేం ఆలోచించానో ఎంత గుర్తుచేసుకున్నా గుర్తురాదు. నన్ను వెళ్ళగొడతారని భయపడ్డానా, తమ్ముడితో పంపరని భయపడ్డానా? పాపిష్టిదాన్ని, ఏదో ఒకటి.

చివరికి "నేనే గంజి పోసిన అత్తా, నిన్న" అన్నాను. ఆమె చాట పక్కన పెట్టింది. నా ముఖం కేసి చూసింది. చెప్పులైనా వేసుకోకుండా వానలో డాక్టరు కోసం పోయింది. ఆయన మళ్ళీ వచ్చి గొట్టం వేసి ఏదో పోశాడు. తుత్తం వల్ల కావచ్చు, చొప్ప వల్ల కావచ్చు, వయసూ అయిపోయింది, ఖాయంగా చెప్పలేనన్నాడు. రెండో రోజు మధ్యాహ్నం తుల్జి ప్రాణం పోయింది. నర్సవ్వత్త దాని నుదుట కుంకుమ పెట్టింది. పరామర్శకు వచ్చిన వాళ్ళందరికీ తడిసిన చొప్ప పెట్టి నేనే చంపుకున్నానని చెప్పింది. మా అత్తగారు చనిపోయేదాకా అదే నమ్మింది.

తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. తిడితే బతికిపోయేదాన్ని. నేను ముఖం చాటేస్తే గోడ అవతలి నుంచి పిలిచి మరీ ఆకు కత్తిరించమనేది. గుర్రం మాట నేనెత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. పదేళ్ళ తర్వాత ఆమె మంచం పట్టినప్పుడు, జావ తాగిస్తూ అడిగేశాను. ఆ రోజు నేను బకెట్ తేవడం చూశావా అత్తా అని.

"చూసిన. గడప కాడనే కూసున్న గద," అంది. "నీ మొకం జూసిన, బకెట్ జూడలే. వచ్చినకాంచి నువ్వు నవ్వంగ నేను జూసింది ఆ దినమే. తుత్తం సంగతి యాదికే రాలే. నేను ఆపలే బిడ్డా. సగం నాది."

అది నిజమో, నా బరువు సగం దించడానికి అల్లిన మాటో నాకు తెలియలేదు. గుర్రాన్ని ఎందుకు ఉంచుకున్నావంటే మూడు జవాబులు చెప్పిన మనిషి. ఇంకోసారి అడుగుదామనుకునేలోపే పోయింది. ఆమె మీద నాకు కోపం కూడా వచ్చింది. క్షమించానని అనవచ్చు కదా, సగం నాదని అంటే నేనేం చేసుకోను?

పోయిన నెల మా ఆయన పొద్దున్నే కళ్ళు తిరిగి కూలబడ్డారు. ఆసుపత్రిలో డాక్టరు ఏం మాత్రలు వేశారని అడిగాడు. మా కోడలు గోడకు ఆనుకుని నిలబడింది. పెళ్ళై ఆరు నెలలైంది. మాట లేదు. ఆ మౌనం నాకు తెలుసు. దగ్గరికి పోయి, ఏ గోలీ ఇచ్చావు బిడ్డా అని చెవిలో అడిగాను. పొద్దుటిదీ రాత్రిదీ రెండూ ఇచ్చిందట. డాక్టరు వైపు తిరిగి, రెండు గోలీలు ఒకేసారి పడ్డాయి, ఇస్తుంటే నేను పక్కనే ఉన్నాను, చూసుకోలేదు అని చెప్పాను. సాయంత్రానికి ఆయన కోలుకున్నారు.

ఇంటికి వస్తుంటే ఆటోలో కోడలు నా చెయ్యి పట్టుకుంది. "అత్తమ్మా, నువ్వు నిజంగ ఆడ ఉంటివా?" అని అడిగింది. నేను వంటింట్లో ఉన్నాను. పోపులో ఆవాలు చిటపటలాడటం నాకు గుర్తుంది. కానీ ఆ పిల్ల అరచేతిలో రెండు తెల్ల గోలీలు, అవీ అంతే స్పష్టంగా కళ్ళముందున్నాయి.

"ఉన్న బిడ్డా," అన్నాను.