వసుంధర మేడం, మొరాయించిన కారు

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎవరిదో పాత కారు పొద్దున్నుంచీ మొరాయిస్తోంది. తాళం తిప్పినప్పుడల్లా కిర్రుమని కాసేపు మూలిగి ఆగిపోతుంది. ఆ చప్పుడు వింటే నాకు చేతిలో పని సాగదు. పొయ్యి మీద కూర వదిలేసి బాల్కనీలోకి వెళ్తాను, వస్తాను, మళ్ళీ వెళ్తాను. నాగోల్‌కు మారి ఎన్నేళ్ళయినా ఆ చప్పుడు నన్ను వసుంధర మేడం దగ్గరికే లాక్కుపోతుంది.

నాచారంలో మా మందుల కంపెనీలో ఆవిడ క్వాలిటీ విభాగానికి పెద్ద. డిగ్రీ కాగానే నేను ఆవిడ కింద చేరాను. మాది భువనగిరి వైపు. ఉప్పల్‌లో అద్దె ఇల్లు, నాన్న, నేను. ఆవిడది గుంటూరు వైపు, భర్త రైల్వేలో ఉద్యోగి. పొడుగ్గా, ఎప్పుడూ నడుస్తూనే కనిపించే మనిషి. ల్యాబ్‌లో ఏ మిషన్ ఆగినా నేను పరుగున వెళ్ళి "అంత పోయింది మేడం" అనేదాన్ని. "అంతా ఎప్పుడూ పోదు రజితా. ఏది పోయిందో చూసి రా" అని వెనక్కి పంపేవారు. నాకు ఒళ్ళు మండేది. ఈవిడకు దేనికీ కంగారు పుట్టదా అనుకునేదాన్ని.

ఆవిడకో పాత తెల్ల కారు ఉండేది. సాయంత్రాలు నన్ను ఉప్పల్‌లో దింపి వెళ్ళేవారు. ఒకరోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర అది కదలనంది. షిఫ్టు దిగిన వాళ్ళంతా చుట్టూ మూగారు. ఒకరు ప్లగ్గులన్నారు, ఒకరు కార్బురేటర్ అన్నారు. వాచ్‌మన్ యాదగిరి అప్పటికే చొక్కా చేతులు పైకి మడుచుకుంటున్నాడు. "జర అందరం కలిసి తోస్తే అయితది మేడం."

"తోద్దాం లే యాదగిరీ. ముందు ఇది వినండి" అని ఆవిడ తాళం తిప్పారు. ఇంజిన్ చురుగ్గానే తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. "బ్యాటరీ బాగానే ఉందన్నమాట. ఇక మిగిలింది నిప్పో, పెట్రోలో." మీటరులో ముల్లు సగం దగ్గర నిలబడి ఉంది. ఆవిడ దాని మీద వేలితో కొట్టి, ఆలోచించి, నవ్వేశారు. ఆ ముల్లు పోయిన వారం నుంచీ అక్కడే ఉందట. యాదగిరి సీసాతో పెట్రోలు తెచ్చి పోశాక కారు కదిలింది. అందరూ నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. నేను మాత్రం ఆ నిలబడ్డ కాసేపట్లో చీర కొంగు అంచు దారాలు లాగేశాను.

ఆ తర్వాత నాన్నకు కిడ్నీలు చెడిపోయాయి. అంబర్‌పేట్ వైపు ఒక ఆస్పత్రిలో డయాలసిస్. అవి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. ఒక బంద్ వల్ల నాన్నకు ఒకసారి డయాలసిస్ తప్పింది. డయాలసిస్‌కు ఇచ్చిన తర్వాతి తేదీ నాడు మళ్ళీ బంద్. తెల్లారేసరికి ఆయన కాళ్ళు ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చున్నారు. బస్సులు లేవు, ఆటోలు లేవు, అంబులెన్సుకు ఫోను కలవడం లేదు. చివరికి మేడంకు ఫోన్ చేశాను. "వస్తున్నా" అన్నారు. కాసేపట్లో తెల్ల కారు మా వీధిలో ఉంది.

నాన్నను పట్టుకుని వెనక సీటులో కూర్చోబెట్టాం. మేడం తాళం తిప్పారు. టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. మళ్ళీ తిప్పారు. మళ్ళీ అదే.

"మేడం, ఇంక గిది కాదు. ఎవరినన్న పిలుస్త" అన్నాను. ఎవరిని పిలుస్తానో నాకే తెలియదు.

"ముందుకెళ్ళి నిలబడు. లైట్లు వేస్తున్నా, వెలుగుతున్నాయా?"

"వెలుగుతున్నయ్."

"ఇప్పుడు తాళం తిప్పుతున్నా. చూడు."

"మొత్తం ఆరిపోయినయ్ మేడం."

ఆవిడ దిగి బానెట్ ఎత్తారు. బ్యాటరీ కొసల మీద పచ్చటి, తెల్లటి పొడి గడ్డకట్టి ఉంది. ఒక వైరు వేలితో కదిపితే కదిలింది. "కరెంటు ఉంది, దాటడం లేదు. వేడినీళ్ళు తీసుకురా. వంటసోడా ఉంటే అదీ." లోపలికి పరుగెత్తి, స్టవ్ ముందు నీళ్ళు కాగేదాకా ఒంటికాలి మీద నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి ఆవిడ పానాతో వైర్లు విప్పేసి కత్తితో పొడి గీకుతున్నారు. నీళ్ళు పోస్తే సోడా బుసబుసా పొంగింది. నాన్న అద్దంలోంచి మెల్లగా, "ఇయ్యాల ఉండనీ బిడ్డా. రేపు పోదాం తియ్" అన్నారు. ఆ మాట పూర్తి చేయడానికి ఆయన రెండుసార్లు ఆగారు. మేడం తల ఎత్తలేదు. కొసలు తుడిచి, వైర్లు బిగించి, వెళ్ళి తాళం తిప్పారు. ఇంజిన్ అందుకుంది.

ఉప్పల్ దాటుతుంటే రోడ్డుకు అడ్డంగా రాళ్ళు, జెండాలు పట్టుకున్న కుర్రాళ్ళు. మేడం వేగం తగ్గిస్తూ, "ఇక్కడ నువ్వే మాట్లాడు" అన్నారు, నా వైపు చూడకుండా. నేను అద్దం దించాను. ఒకతను వంగి లోపలికి చూశాడు. "ఏమైందక్కా పెద్దాయనకు?" చెప్పాను. అతనే రాళ్ళు జరిపాడు. "దవాఖానకు పోతున్నరు, జరగండిరా" అని ముందున్నవాళ్ళకు కేకేశాడు.

నాన్నను లోపలికి తీసుకెళ్ళాక వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. క్యాంటీన్ నుంచి టీ తెచ్చి ఇచ్చాను. ఆవిడ కప్పు పట్టుకోలేకపోయారు. టీ ఒలికి చీర మీద పడింది. చేతులు గడగడా వణుకుతున్నాయి. నేను ఆశ్చర్యంగా చూశాను.

"మీకు భయం ఉండదనుకున్న మేడం."

"ఎందుకుండదు? మీ వీధిలో తాళం తిప్పినప్పటి నుంచీ ఇంతే. మీటింగుల్లోనూ ఇంతే, అందుకే కూర్చోను." చీర దులుపుకున్నారు. "వణుకు తగ్గాక బానెట్ ఎత్తుదామంటే, మీ నాన్న అంతసేపు ఆగగలరా?"

ఇన్నాళ్ళూ ఆవిడను రాయి అనుకున్నాను. నాకంటే ఎక్కువ కంగారు మనిషి పక్కన ఇన్నేళ్ళు పనిచేశానని ఆ బెంచీ మీద తెలిసింది.

తర్వాత ఆదివారాలు, లారీలు తిరగని నాచారం రోడ్ల మీద ఆవిడే నాకు కారు నేర్పారు. రాష్ట్రం రాకముందే భర్తకు బదిలీ అయి వెళ్ళిపోతూ, ఆ కారు నాకే అమ్మారు. నాన్న చివరిదాకా అందులోనే ఆస్పత్రికి వచ్చారు. "ఎందుకు బిడ్డా స్టీరింగు గంత గట్టిగ పట్టుకుంటున్నవ్?" అనేవారు పక్కన కూర్చుని. భయమైతుంది నాన్నా, అనేదాన్ని గేరు మారుస్తూ. ఆ భయం నన్ను వదల్లేదు. ఇప్పుడు నేనూ ఒక విభాగానికి పెద్దని. కబురు ఏదైనా చెడ్డదైతే ముందు నా అరచేతులు చెమరుస్తాయి. కొంగుకు తుడుచుకుంటాను, లేచి వెళ్తాను.