ఇటలీకి బయలుదేరి వరండాలో దిగాను

అయ్యా, అమ్మా, మీరెప్పుడైనా సిద్ధాంతం కోసం నిండు సభలోంచి విసురుగా బయటికి నడిచారా? నడిచి ఉంటే, వెనక ఎవరు వస్తున్నారో ఒక్కసారైనా తిరిగి చూశారా?

నేను చూడలేదు. చూడకపోవడం వల్ల జరిగిన ఘోరం ఇప్పుడు చెప్పబోతున్నాను. గుండె దిటవు లేనివాళ్లు కాస్త మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి. ఇందులో ఒక రాజకీయ పార్టీ పుడుతుంది, మహాసభ జరుపుకుంటుంది, చీలుతుంది, ఆకలితో నీరసపడుతుంది. అదంతా ఒకే చాప మీద, మా ఇంటి వరండాలో!

మలయాలో సుంగై సిపుట్ ఊరి దగ్గరి ఒక రబ్బరు తోటలో, చెట్ల నుంచి తీసిన రబ్బరు పాలు తూచే కొట్టంలో నేను గుమాస్తాని. తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో కమ్యూనిస్టులు, రోడ్ల మీద సోల్జర్లు, మధ్యలో ముళ్లకంచె వేసిన కూలీల లైను ఇళ్లలో మేము. సైరన్ మోగితే గుమ్మం దాటకూడదు. దుకాణంలో పాలడబ్బా కొంటే, అడవిలోని కమ్యూనిస్టులకు దాటించకుండా దుకాణదారు అక్కడే దానికి చిల్లు పొడిచి చేతికిచ్చేవాడు. నా బుర్ర కూడా అచ్చంగా ఆ డబ్బాలాంటిదే. లోపల ఏదున్నా నిలవ ఉండేది కాదు, కారిపోయేది.

ఆ బుర్రలో అంతో ఇంతో పోసినవారు అప్పలస్వామి మాస్టారు. తోటలోని తెలుగు బడికి పంతులు. మేనేజరు దగ్గర అనుమతి తెచ్చి, ప్రతి ఆదివారం మధ్యాహ్నం బడి కొట్టంలో వాదసభ నడిపేవారు. కల్లు మానాలా, చిన్నపిల్లలకు పెళ్లి చెయ్యవచ్చా, దేవతకు కోడిని కోస్తే జ్వరం తగ్గుతుందా - ఇలాంటి వాటి మీద అటూ ఇటూ వాదించుకోవడం. అనుమతికి ఒక షరతు ఉంది: తలుపు దగ్గర ఒక పోలీసు కూర్చుని వినాలి. వచ్చేవాడు మాణిక్కం. తమిళుడు. మా మాటల్లో పాతికోవంతు అర్థమయ్యేదో లేదో! అయినా ఒక్క ఆదివారం తప్పేవాడు కాదు. మా ముసలమ్మలు తెచ్చే మురుకులు ఏ భాషలోనైనా అర్థమవుతాయి కదా.

విజయనగరంలో ఉన్న మాస్టారి తమ్ముడు పాత వారపత్రికలు పోగుచేసి, పురికొసతో కట్టి, ఓడ ఎక్కే వాళ్ల చేత పంపేవాడు. ఆ కట్ట విషయంలో మాస్టారిది ఉక్కు నియమం. ఆదివారానికి ఒక్క సంచిక. వరస తప్పకూడదు. పై వారం సంచిక ముందుగా విప్పకూడదు.

"ముగింపు తెలిసిపోయాక వాదించడం మోసం రా," అనేవారు.

అందువల్ల మా కొట్టంలో ప్రపంచం కొన్నేళ్లు ఆలస్యంగా తిరిగేది. బయట ఎప్పుడో దిగిపోయిన మంత్రులు మా దగ్గర ఇంకా ప్రమాణస్వీకారం చేస్తూ ఉండేవారు. పైకి చదివే గొంతు నాది. కట్ట ముడి మాత్రం మాస్టారిది.

నా పెళ్లి కూడా ఆ కొట్టంలోనే జరిగింది. పెళ్లికూతురు నూకరత్నం. పుట్టింది, పెరిగింది, రబ్బరు చెట్లు గీసింది, అంతా ఆ తోటలోనే. పురోహితుడు లేడు, ముహూర్తం లేదు. మంత్రానికి బదులు నేను స్వయంగా రాసిన ప్రతిజ్ఞ ఉంది: "నీ మాట నువ్వే చెప్పాలి. నీ తరపున నేను చెప్పను." గొప్పగా ఉంది కదూ? నాకూ గొప్పగానే అనిపించింది. చదివేసి మరిచిపోయాను. నూకరత్నానికి అప్పటికి చదువు రాదు. అందుకని కంఠతా పెట్టింది. గమనించారా, ఆపద ఎక్కడ మొదలైందో!

పెళ్లయ్యాక అక్షరాలు నేర్పాను. చకచకా నేర్చుకుంది. సభలో లేచి మాట్లాడమంటే మాత్రం "నాకు సిగ్గు మావా" అనేది. నెలల తరబడి బతిమాలాను. చివరికి, మెర్దెకా, అంటే ఆ దేశపు స్వాతంత్ర్యం, దగ్గర పడ్డాక, 'ఈ దేశంలో ఉండిపోవాలా, ఊరికి తిరిగిపోవాలా' అన్న విషయం మీద మాట్లాడతానని ఒప్పుకుంది. దానికీ ఒక షరతు పెట్టింది.

"నువ్వు ముందు వరసలో కూకోవాల. నీ మొకం అవుపడకపోతే నా నోట్లోంచి మాట రాదు."

"కూర్చుంటాను," అన్నాను. ఆ సభకు ఇంకా వారం ఉంది. వారంలో ఏమవుతుంది అనుకున్నాను. ఆ వారంలోనే ఇటలీ వచ్చింది.

ఆ ఆదివారం వంతు వచ్చిన సంచికలో, లోపలి పేజీలో చిన్న వార్త. ఇటలీలో ఒక పెద్ద సోషలిస్టు పార్టీ. నాయకులు కమ్యూనిస్టులతో మరీ చెట్టపట్టాలు వేసుకుని తిరుగుతున్నారని అందులో కొందరికి కోపం వచ్చింది. రాజీ కుదరదని లేచారు, బయటికి నడిచారు, వేరే పార్టీ పెట్టారు. ఆ పార్టీ పేరుకు నోరు తిరగలేదు గానీ నా తల మాత్రం తిరిగింది. ఆహా! రాజీ లేని మనుషులు! నడిచి వెళ్లే మనుషులు! ఇటలీ మ్యాపులో బూటులా ఎందుకు ఉంటుందో ఆ రోజు నాకు తెలిసింది. బయటికి నడవడానికే!

నడవడానికి నాకూ ఒక కారణం కావాలి. వెతికితే దొరక్కపోతుందా?

"మాస్టారూ!" అంటూ లేచాను. "మన సభ సింహాద్రి అప్పన్న పాటతో ఎందుకు మొదలవుతోంది? హేతువాదులకు దేవుడి పాటేమిటి?"

"ముసలమ్మలు పాట పాడితే గానీ కూచోరు రా. కూచోకపోతే వినరు. ముందు కూచోనీ, తరవాత విననీ."

"ఇది రాజీ!"

"ఔను, రాజీయే. అయితే ఏం? కిందటి నెల ఆ ముసలమ్మే కోడిని కోయనంది."

"ఇటలీలో ఇలా సర్దుకోలేదు!"

ముందు కూర్చున్న ఒక ముసలమ్మ జాలిగా చూసింది. "ఇటలీలో అప్పన్న నేడేటి బాబూ? పాపం."

అందరూ నవ్వారు. నా చెవులు కాగిన మూకుడులా అయ్యాయి. ఇక ఆగలేదు. చెయ్యెత్తి, గొంతెత్తి, ప్రకటించాను: "ఈ క్షణం నుంచి నేనూ నా భార్యా ఈ సభను విడిచిపెడుతున్నాం! కొత్త పార్టీ పెడుతున్నాం! దాని పేరు ఐక్య హేతువాద పార్టీ!"

విడిపోతూ 'ఐక్య' ఏమిటని అడగకండి. అప్పుడు ఎవరూ అడగలేదు. ఎందుకంటే ఆడవాళ్ల వరసలోంచి ఒక గొంతు లేచింది.

"నాను రాను."

కొట్టం మీద రేకులు కూడా వినడానికి వంగినట్టు అనిపించింది.

"ఏమిటి?" అన్నాను.

నూకరత్నం లేచి నిలబడింది. "నన్నడిగినావేటి? పెళ్లినాడు ఏటని సదివినావు మావా? 'నీ తరపున నేను చెప్పను' అని కాదా? నువ్వెల్తే ఎల్లు. నాను ఇక్కడే ఉంటాను. ఒచ్చే ఆదివారం నాకు పనుంది."

కొట్టం చప్పట్లతో మోగిపోయింది. మా సభలో ఒక స్త్రీ లేచి మాట్లాడడం అదే మొదటిసారి. పాఠకులారా, దాచుకుని లాభం లేదు: నేను కూడా కొట్టాను! స్త్రీ ధైర్యంగా మాట్లాడితే చప్పట్లు కొట్టాలని మాస్టారు ముందునుంచే నేర్పి పెట్టిన పాఠం. నాలుగైదు కొట్టాక గాని నాకే వ్యతిరేకంగా కొడుతున్నానని తోచలేదు.

ఇక మిగిలింది నడక. తల ఎత్తి, ఛాతీ విరిచి, పాలు తూచే కొట్టం వైపు నడిచాను. ఇటలీవాళ్లు వెనక్కి చూసి ఉండరని నేనూ చూడలేదు. వెనక అడుగుల చప్పుడు వినిపించింది. నా గుండె ఉప్పొంగింది. "మిత్రులారా, మనం కొద్దిమందిమే కావచ్చు..." అంటూ ఉపన్యాసం ఎత్తుకున్నాను. చప్పుడు దగ్గరికి వచ్చింది. మరీ గట్టిగా ఉంది. బూట్లు! తిరిగి చూశాను. మాణిక్కం.

"పార్టీ అన్నావు కదా," అన్నాడు ఆయాసపడుతూ, వచ్చీరాని తెలుగులో. మా ఉపన్యాసాలన్నిటిలో అతనికి అర్థమైన మాట అదొక్కటే. "పర్మిట్ ఎక్కడ లా?" మాట చివర 'లా' అక్కడ అందరికీ ఊతపదం.

ఎమర్జెన్సీలో ఆ మాట గట్టిగా అనడమే నేరం. నేను దానికి పేరు కూడా పెట్టాను.

"ఎంతమంది ఉన్నారు?" అంటూ పెన్సిలు తీశాడు.

"నేను... ఒక్కణ్ణే."

"సంసారం?"

"ఆమె అటువైపు."

మాణిక్కం పెన్సిలు జేబులో పెట్టేసి, నా భుజం తట్టాడు. "అయ్యో సామీ, ఇది పార్టీ కాదు. ఇంటి సండై. కొట్లాట. మా ఇంట్లో రోజూ ఉంది లా. దీనికి పర్మిట్ వద్దు."

అలా నా పార్టీని ప్రభుత్వం గుర్తించడానికి నిరాకరించింది.

ఇంటికి వెళ్తే చాప వరండాలో పరిచి ఉంది.

"ఇదేమిటి?"

"నీ పార్టీ ఆపీసు," అంది నూకరత్నం గడపలో నిలబడి. "లోపల మాస్టారి పార్టీ. నీ పార్టీకి ఎండుచేపల పులుసు కావాలేటి?"

"మా పార్టీ ఎవరి దయా కోరదు."

"సరే లా," అని గిన్నె లోపలికి తీసుకుపోయింది. అంత త్వరగా ఒప్పుకుంటుందని ఇటలీలో ఎవరైనా ఊహిస్తారా?

వట్టి అన్నం ముందు పెట్టుకుని, చాప మీద మొదటి మహాసభ జరిపాను. తీర్మానం నేనే ప్రవేశపెట్టాను, నేనే బలపరిచాను. ఓటింగులో మాత్రం చీలిక వచ్చింది. తల బయటే ఉందామంది. కడుపు లోపలికి పోదామంది. మా పార్టీలో కడుపే అసలైన వామపక్షం.

ఆ వారమంతా పని నుంచి వచ్చాక, చెక్క గోడకు అవతల ఆమె ఉపన్యాసం అభ్యాసం చేస్తూ ఉండేది. "కూడిన పెద్దలారా, నాను ఈ తోటలోనే..." అని మొదలుపెట్టి, కాస్త దూరం పోయి, ఒకే చోట ఆగిపోయేది. మళ్లీ మొదటికి వచ్చేది. ఏ మాట తట్టడం లేదో నాకు తెలుసు. పార్టీ క్రమశిక్షణ వల్ల నోరు మూసుకున్నాను. ఒకసారి ఉండబట్టలేక గోడకు నోరు ఆనించి అందించాను: "హక్కు!"

లోపలినుంచి జవాబు వచ్చింది: "బయట పార్టీవోలు మాటాడకూడదు."

కానీ గొంతులో నవ్వు ఉంది. నేను అప్పుడే లేచి లోపలికి వెళ్లవలసింది. వెళ్లలేదు. ఇటలీ పరువు ఏం కావాలి?

ఆదివారం వచ్చింది. బడి కొట్టంలోంచి అప్పన్న పాట వినిపించింది, ఆగింది. నేను చాప మీద కూర్చుని, ముందు వరసలో ఖాళీగా ఉన్న నా చోటు గురించి ఆలోచించకుండా ఉండడానికి చెమటలు కక్కుతున్నాను. అంతలో నూకరత్నం పరుగున వచ్చింది. ఉతికిన చీర, తలలో పువ్వు, రొప్పు.

"మావా! ఇటలీవోలు ఇంటికెల్లిపోనారు!"

"ఎవరు?"

"నీ పార్టీవోలు. ఏడాదిన్నర కూడా నిలబడనేదంట. ఇంకో పార్టీలో కలిసిపోనారంట. ఓరి దేవుడా, నువ్వు ఈ సాప మీద కూకోకముందే, ఎప్పుడో కలిసిపోనారు."

"ఆ సంచిక ఇంకా రాలేదే! వరసలో ఇంకా బోలెడు ఉన్నాయి."

ఆమె గొంతు తగ్గించింది. "మాస్టారు కట్ట యిప్పినారు మావా. వరస తప్పినారు. ఈ వారమంతా కూకుని ఒక్కోటీ సదివినారు, ఆ ఇటలీవోలు ఏటైనారో సూడ్డానికి. 'ఆడికి సెప్పు, ఆడి గురువులే ఒంటరిగా ఉండనేకపోనారని సెప్పు' అన్నారు."

కట్ట ఎదురుగా ఉన్నా, ఎంత ఆత్రం పుట్టినా, ఒక్క పేజీ ముందుకు తిప్పని మనిషి!

"నాను తొందరగా ఎల్లాల, నా వంతు ఒచ్చేసింది," అంది. "ఇటలీవోలు ఎల్లిపోనారు. నువ్వెప్పుడొస్తావు?"

లేచాను. చాప చుట్టి చంకలో పెట్టుకునే నడిచాను. ఆఫీసు వదిలి వెళ్లకూడదు కదా.

తలుపు దగ్గర మాణిక్కం మురుకు నములుతూ, "పార్టీ ముగిసిందా లా?" అన్నాడు. లోపల మాస్టారు కళ్లజోడు మీదుగా చూశారు.

"ఎవరి తరపున వచ్చావు రా?"

"నా ఒక్కడి తరపునే, మాస్టారూ."

"కూచో."

కానీ ముసలమ్మలు ఊరుకుంటారా? "కొత్తోడొచ్చినాడు, మల్లీ పాడాల," అని అప్పన్న పాట మొదటినుంచి అందుకున్నారు. అన్ని చరణాలూ! హేతువాదినైన నేను చాప పట్టుకుని నిలబడి మొత్తం విన్నాను.

అప్పుడు నూకరత్నం లేచింది. నా ముఖం చూసింది. ఆగవలసిన చోట ఆగలేదు.

"ఈ తోటలో సగం సెట్లు నాకంటే సిన్నవి. వాటినెవుడూ 'మీ ఊరికి పో' అనడు. నాను పుట్టింది ఈడే. ఉండడం నా హక్కు."

ఈసారి చప్పట్లు తెలిసే కొట్టాను. అరచేతులు మండేదాకా.

సభ అయ్యాక మాస్టారు పురికొస నా చేతిలో పెట్టారు. "ఇక ముడి నువ్వే వెయ్యి. నేను ముందుకు చూసేశాను, నాకు అర్హత లేదు." ఆ తరవాత చాలా ఆదివారాలు లోకవార్తల మీద వాదం వస్తే ఆయన నోరు విప్పేవారు కాదు. ముగింపు తెలిసినవాడు వాదించడం మోసం కదా. నేను వరసగా గెలిచాను. అంత సిగ్గుపడుతూ గెలిచినవాడు ఈ భూమి మీద ఇంకొకడు లేడు.

కాబట్టి పాలడబ్బా సాక్షిగా, పురికొస సాక్షిగా, ఎండుచేపల పులుసు సాక్షిగా ఘనంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇక మీద ఏ దేశపు వార్త చదివినా నేను ఏ సభలోంచీ బయటికి నడవను. ఈ ప్రతిజ్ఞ నా ఒక్కడిది. నూకరత్నం తరపున కాదు. ఆమెను అడిగితే "సూద్దాం" అంది.

మరి మీరు? ఎక్కడో ఒక చోటినుంచి తల ఎత్తుకుని వచ్చేసి, ఏదో ఒక వరండాలో కూర్చునే ఉంటారు. లేవండి. ఈ వ్యాసం పక్కన పెట్టండి, చాప చుట్టండి, ఇవాళే వెళ్లి ఆ తలుపు తట్టండి. ఇంకెవరి తరపునా కాదు, మీ ఒక్కరి తరపునే వచ్చామని చెప్పండి.