గుర్రాన్ని చంపకుండా

నా చిన్నప్పుడు, అంటే తొమ్మిదో పదో ఏళ్లప్పుడు, ఇబ్రహీంపట్నంలో మా పక్కింటి మున్షీ తాత నాకో చదరంగం చిక్కు ఇచ్చాడు. ఆయన బడిలో ఉర్దూ చెప్పి మానుకున్న మనిషి. పొద్దున మా తాతతో ఆట ఆడి, మధ్యాహ్నం ఒంటరిగా కూర్చొని కాగితం మీద గళ్లు గీసి ఇలాంటి చిక్కులు అల్లేవాడు. వాటిని నక్షాలు అనేవాడు. నాకిచ్చిన నక్షాలో నల్ల రాజుకు మిగిలింది ఒక్క గుర్రం. మూడెత్తుల్లో, అదీ బంటుతో, రాజును కట్టెయ్యాలి.

నాకు అప్పటికే నోరూ ఎక్కువే, తొందరా ఎక్కువే. చేతికందిన గుర్రాన్ని టక్కున చంపేదాన్ని. "బుర్జ్!" అని చప్పట్లు కొట్టి నవ్వేవాడు మున్షీ తాత. మా వైపు ఆటలో ఎదుటి రాజు ఒంటరివాడైతే ఆట అక్కడితో ఆగిపోతుంది. గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఎన్నిసార్లు పేర్చినా నా చెయ్యి గుర్రం మీదికే పోయేది. ఒళ్లు మండి ఒకరోజు పావులన్నీ విసిరికొట్టాను కూడా.

తుపాకుల గుంపులు ఊళ్ల మీద పడుతున్న రోజులవి. ఓ గుంపు మా రెండెడ్లను కోహెడ దారిన తోలుకుపోయింది. తోలినవాళ్లలో మున్షీ తాత కొడుకు ఉన్నాడు. ఆ రోజు నుంచి మా తాత వాళ్ల గడప తొక్కలేదు. నాకూ ఆ ఎడ్లంటే ప్రాణం. ఆ ఇంటివైపు చూస్తేనే కోపం వచ్చేది. నక్షా కాగితం మాత్రం పారేయలేదు. చింతగింజలు పేర్చుకుని ఇంట్లోనే ఆడుకునేదాన్ని.

తర్వాత పోలీసు చర్య జరిగి ఆ తుపాకుల గుంపులు చెదిరిపోయాయి. మున్షీ తాత కొడుకు ఎటో పారిపోయాడు. వారం తిరగకముందే ఎవరెవరో వచ్చి ఆయన మేకల్ని, గిన్నెల్ని, ఆఖరికి తలుపు రెక్కల్ని కూడా పట్టుకుపోయారు. మిగిలింది ఒక్క పాడి బర్రె. మంచం పట్టిన ఆయన భార్యకు ఆ పాలే ఆధారం.

ఒక ఉదయం మా తాత లేచి, "నా ఎడ్లు పోయినయ్. గా బర్రెను తెచ్చుకుంట" అని బయలుదేరాడు. న్యాయమే అనిపించింది నాకు. వెనకాలే ఉరికాను. మున్షీ తాత అడ్డుపడలేదు. తనే పలుపు విప్పి మా తాత చేతిలో పెట్టాడు.

"తీస్కపో భాయ్. నీ ఎడ్లను తోల్కపోయినోడు నా కొడుకే" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, ఏమీ జరగనట్టు, "నక్షా తెగిందా బిడ్డా?" అని అడిగాడు.

"లేదు తాతా. గుర్రాన్ని చంపంగనే బుర్జ్ అయితుంది" అన్నాను.

అది విని మా తాత పలుపును మళ్లీ గుంజకు కట్టేసి, మున్షీ తాత అరుగు మీద కూర్చున్నాడు. "ఒట్టి రాజుతోని ఏం ఆడ్త మున్షీ సాబ్? పావులు తియ్యి" అన్నాడు. మధ్యాహ్నం ఇంకొందరు బర్రె కోసం వచ్చారు. అరుగు మీద మా తాతను చూసి వెనక్కి పోయారు. మర్నాడు కూడా ఆయన అక్కడే కూర్చున్నాడు.

బర్రెను వదిలేసిన రోజు సాయంత్రమే నాకు నక్షా తెగింది. గుర్రాన్ని ఉన్నచోట ఉండనిస్తే, అది తన రాజు పారిపోయే గడికే అడ్డు నిలుస్తుంది. మూడో ఎత్తుకు బంటు పని ముగించింది. నేను గుర్రాన్ని వదిలింది గెలవడానికి. మా తాత బర్రెను వదిలి గెలిచిందేమీ లేదు, మా ఎడ్లు తిరిగి రానే లేదు. పలుపు ఇచ్చిన చేత్తోనే మున్షీ తాత నన్ను నక్షా గురించి అమాయకంగా అడిగాడో, కావాలనే అడిగాడో ఇప్పటికీ తెలియదు.

నాకిప్పుడు ఎనభై దాటాయి. నోరు మాత్రం తగ్గలేదు. కోడళ్లతో, ఇరుగుపొరుగుతో కొట్లాడుతూనే ఉంటాను. అయితే ఎదుటి మనిషికి చెప్పుకోవడానికి ఇక ఒక్క మాటే మిగిలిందని కనబడగానే నా నోరు ఆగిపోతుంది. "సరే తియ్యి, చాయ్ పెట్టు" అంటాను.